సగమమ్మగారు బేరం మానేసిన మూడు వారాలు

సగమమ్మగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఎవరు ఏ అంకె చెప్పినా ఆవిడ “సగం” అంటారు.

ఆ అంకె వంకాయల ధరా, ఆటో కిరాయా, ఒంట్లో జ్వరమా అన్న పట్టింపు ఆవిడకి లేదు. ముక్కులో పొడి పడితే తుమ్ము వచ్చినట్టు, చెవిలో అంకె పడితే సగం వచ్చేస్తుంది. ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. అది కరెంటు బిల్లు మీద అచ్చయి వస్తుంది కూడా. కానీ ఆ బిల్లు తెచ్చే మనిషే గుమ్మంలో నిలబడి “సగమమ్మగారూ, బిల్లండీ!” అని కేకేస్తాడంటే ఇక ఆ పేరు గతి ఏమైందో మీరే ఊహించుకోండి.

ఒకసారి ఆవిడకి జ్వరం తగిలింది. డాక్టరు థర్మామీటరుని వెలుతురుకి పట్టి చూసి, “నూట రెండుందమ్మా” అన్నాడు.

“యాభై ఒకటి వేసుకోండి.”

“యాభై ఒకటికి మనిషి మిగలడమ్మా!”

“సరే, మీ మాటా వద్దు, నా మాటా వద్దు. నూటికి తేల్చెయ్యండి.”

“నేను తేల్చేదేముంది? థర్మామీటరు చెప్పింది.”

“దానికేం తెలుసండీ, నిన్నగాక మొన్న కొన్నారు. నేను ఈ ఒంట్లో యాభై ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాను.”

డాక్టరు రోజుకి మూడు మాత్రలు రాశాడు. ఆవిడ రెండుకి ఒప్పించి, పైగా ఒక టానిక్ సీసా కొసరు పట్టుకుని ఇంటికొచ్చారు.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే ఆయన షాపు. కంట్లో భూతద్దం బిగించుకుని, ముల్లుకి ముల్లు తగిలించుకుంటూ, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంచిన తల ఎత్తడు. భార్య అలవాటు గురించి ఎవరైనా అడిగితే మాత్రం భూతద్దం తీసి పక్కన పెట్టి చెప్తాడు. “మా పెళ్ళి మాటలప్పుడు నా వయసు ముప్పై అని మావాళ్ళు చెప్పారు. ఇరవై ఎనిమిదికైతేనే చేసుకుంటానంది. అప్పట్నుంచీ నేను రెండేళ్ళు తక్కువగానే బతుకుతున్నా. నష్టమేం లేదు.”

ఇలాంటి ఇంటికి కోడలై వచ్చిన అమ్మాయి ఎక్కడ పనిచేస్తుందంటే, పోస్టాఫీసులో. మూడో నంబరు కౌంటరు. స్టాంపు మీద ఎంత అచ్చేసి ఉందో అంతే. ఒక పైసా ఎక్కువ కాదు, తక్కువా కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎక్కడా బేరమాడి ఎరగదు. షాపువాడు ధర చెప్పడం ఆలస్యం, పర్సు తీసేస్తుంది. ఒక్కోసారి వాడు చెప్పడానికి సిగ్గుపడుతుంటే తనే ధర ఊహించి ఇచ్చేసి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

కాపురానికొచ్చిన రెండో నెలలో అత్తగారు ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని తిన్నగా మూడో నంబరు కౌంటరుకే వచ్చారు. చెల్లెలికి చీర పంపించాలట. కోడలు మొహమంతా నవ్వు చేసుకుని పెట్టెను తూకంలో పెట్టి, “కిలో రెండొందల గ్రాములండీ అత్తయ్యా, ఎనభై అవుతుంది” అంది.

“నలభై.”

కోడలి నవ్వు ఉన్నచోటే గడ్డకట్టింది. వెనక లైనులో తొమ్మిదిమంది ఉన్నారు.

“అత్తయ్యా, ఇది గవర్నమెంటు రేటండీ.”

“గవర్నమెంటుని అడుగు. చీర కిలోనే. మిగతా రెండొందల గ్రాములూ అట్టపెట్టెది. అట్టపెట్టె మా చెల్లెలికి అక్కర్లేదు. దానికి నేనెందుకివ్వాలి?”

“పెట్టె లేకపోతే చీరెలా వెళ్తుందండీ?”

“పోనీ, నెమ్మదిగా పంపించు. తొందరేం లేదు. నాలుగు రోజులకి బదులు ఎనిమిది రోజులకి చేరితే సగం రేటే కదా అవ్వాలి?”

లైనులో ఉన్న ఒక పెద్దమనిషి, “పాయింటే” అన్నాడు. కోడలు తన పర్సులోంచి ఎనభై తీసి గల్లాలో వేసి, ముద్ర గుద్దేసింది. ఆ గుద్దడంలో పెట్టె ఒక మూల సొట్టపోయింది.

అసలు గొడవ మాత్రం డబ్బాల దగ్గర వచ్చింది.

ఆఫీసులో ఒకావిడకి బదిలీ అయింది. గుర్తుగా ఏదైనా చేత్తో చేసిన వస్తువు ఇద్దామని అందరూ అనుకుని, కొనే పని కోడలికి అప్పజెప్పారు. ఆ ఊళ్ళో చేతిపనుల వీధి ఒకటుంది. ఇరుకు వీధి. ఒకవైపు బుట్టలు అల్లేవాళ్ళు, ఇత్తడి సాగగొట్టేవాళ్ళు. ఇంకోవైపు దుప్పట్లు నేసేవాళ్ళు, చెక్క బొమ్మలవాళ్ళు. షాపంటే ముందు బల్ల, వెనక పనిచేసుకునే గది, మధ్యలో ఒక తెర. “నేనూ వస్తా పద” అన్నారు అత్తగారు. కోడలు వద్దనలేకపోయింది.

బొమ్మల తాత షాపులో ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే ఐదు చెక్క డబ్బాలు కనిపించాయి. పైది ఎర్రది, దాంట్లో పసుపుది, దాంట్లో పచ్చది. అలా చివరిది చిటికెనవేలి గోరంత. కోడలికి చూడగానే నచ్చేశాయి. “ఎంతండీ?” అంటూ పర్సు తీసేసింది కూడా.

“నాలుగొందలు” అన్నాడు తాత నేలచూపులు చూస్తూ. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు “ఊఁ”లే.

“రెండొందలు!” అన్నారు అత్తగారు. ఆ కేకకి ఎదురుషాపులో దుప్పటి మడతపెడుతున్నాయన మడత మర్చిపోయాడు. “ఈ చివరి డబ్బా చూడు! దీంట్లో ఏం పెట్టుకోవాలి? చీమకి ఉద్యోగమొస్తే క్యారేజీ కట్టడానికా?”

తాత తలెత్తాడు. “అమ్మా, ఆ చిన్నదానికే ఎక్కువ పని. చెయ్యి వెంట్రుకంత అదిరినా పగిలిపోద్ది.”

“అదిరితే కదా! ఈ మూత చూడు, ఎంత బిగువుగా ఉందో. తియ్యాలంటే పహిల్వాన్ని పిలవాలి.”

“వానల్లో కర్ర ఉబ్బుతుందమ్మా, ఎండల్లో తగ్గుతుంది. రెంటికీ సరిపోయేట్టు చూసి చెయ్యాలి. ఊరికే గుండ్రంగా చెక్కేస్తే అయిపోద్దా?”

“మరి ఈ రంగు? రెండు రోజుల్లో చేతికి అంటుకుంటుంది.”

“అంటుకోదమ్మా! అది పూసిన రంగు కాదు. తిరిగే కర్రకి లక్క ఆనిస్తే ఆ వేడికి కరిగి కర్రలోకి పోద్ది. మా నాన్న చేసిన డబ్బా ఇంకా మా ఇంట్లో ఉంది. రండి, చూపిస్తాను!”

ఇలా నలభై నిమిషాలు. దారినపోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. సైకిలు దిగినవాళ్ళు, సంచులు కింద పెట్టినవాళ్ళు, పిల్లల్ని భుజానికెత్తుకున్నవాళ్ళు. గుంపు వీధి మధ్యదాకా వచ్చింది. కోడలు చీర కొంగు నుదుటిదాకా లాక్కుని, ఇత్తడి బిందెల వెనకాల నిలబడి, తనెవరో ఈవిడెవరో అన్నట్టు బిందె మీద నగిషీలు లెక్కపెట్టుకుంది. చిట్టచివరికి అత్తగారు, “నీ మాటా వద్దు, నా మాటా వద్దు” అని మూడువందల తొంభైకి కొన్నారు. నలభై నిమిషాల యుద్ధానికి పది రూపాయలు!

మర్నాడు పోస్టుమాస్టరు ఆమెను గదిలోకి పిలిచి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. “నిన్న ఆ వీధిలో దుమ్ము దులిపినావిడ మీ అత్తగారటగా? నేనూ అక్కడే ఉన్నా. కాళ్ళు పీకుతున్నా కదల్లేకపోయాననుకో!” ఆయన బల్ల మీద అలాంటి డబ్బాల సెట్టే ఒకటి కొత్తగా మెరుస్తోంది. ఆ సిగ్గులో కోడలికి అది కంటపడినా మనసుకెక్కలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా అడిగేసింది. “అత్తయ్యా, వాళ్ళు వేళ్ళు అరిగేలా పనిచేసేవాళ్ళు. నలుగురిలో నిలబెట్టి వాళ్ళ పనికి వంకలు పెట్టడానికి మీకు మనసెలా ఒప్పుతుందండీ? పది రూపాయల కోసమా? నాకు ఆఫీసులో తలెత్తుకోలేనట్టుగా ఉంది.”

 అత్తగారు చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టారు. కొంచెంసేపు కోడలి మొహంలోకి చూశారు.

“అంత ఇబ్బందిగా ఉందా తల్లీ?”

“ఉందండీ.”

“సరే. ఇక బేరమాడను.”

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ.”

మామగారు భూతద్దం తీయకుండానే తలెత్తాడు. ఒక కన్ను మామూలుగా, ఇంకొకటి సోడాబుడ్డంత కనిపించింది. “ఎప్పటికీ” అంటే ఆవిడ అందులో సగమైనా అడగలేదని ఆయన ఒక్కడికే తట్టింది. ఆ రాత్రి ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

అప్పట్నుంచి మొదలైంది అసలు కష్టం. కూరలబండి అతను వచ్చి, “టమాటాలు నలభై” అన్నాడు. సగమమ్మగారు నలభై ఇచ్చి లోపలికెళ్ళిపోయారు. అతను బండి కదల్చకుండా ఐదు నిమిషాలు అక్కడే నిలబడి, తర్వాత కిటికీలోంచి తొంగిచూసి, “అయ్యగారూ, అమ్మగారికి ఒంట్లో బాగాలేదా?” అని అడిగాడు. మర్నాడు తనే ముప్పై అన్నాడు. ఆవిడ ముప్పై ఇచ్చారు. ఆ మర్నాడు, “ఇరవైకి తీసుకోండమ్మా, మాట్లాడండమ్మా” అని బతిమాలాడు. మోకాళ్ళ నొప్పికి డాక్టరు రోజుకి మూడు మాత్రలు చొప్పున రాస్తే ఆవిడ కిమ్మనకుండా చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నారట. సాయంత్రం డాక్టరే ఫోన్ చేసి, “ఏవండీ, నేనేమైనా అమ్మగారి మనసు నొప్పించానా?” అని మామగారిని వాకబు చేశాడు.

బేరం లేని సగమమ్మగారు ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అడిగినదానికి జవాబు, పెట్టింది తినడం. వారం గడిచింది. రెండో వారం గడిచింది.

“మామయ్యగారూ, నేను తప్పు చేశానంటారా?” అంది కోడలు ఒకరోజు.

ఆయన చేతిలో ఉన్న గోడగడియారం చెవి దగ్గర పెట్టుకుని, “తప్పో ఒప్పో నాకు తెలీదమ్మాయ్. దీన్ని మాత్రం నిన్న శుభ్రం చేశాను. దుమ్మంతా పోయింది. నడవట్లేదు” అన్నాడు.

మూడో వారం చివర్లో, ఆదివారం మధ్యాహ్నం, కోడలు ఒంటరిగా చేతిపనుల వీధికి బయల్దేరింది. తాతకి అత్తగారి తరఫున ఒక క్షమాపణ చెప్పేసి, పూర్తి ధరకి ఏదైనా కొంటే మనసు తేలికపడుతుందని ఆమె ఆలోచన.

“డబ్బాలు ఎంతండీ?”

“నాలుగొందలు.”

ఇచ్చింది. తాత కాగితంలో చుట్టి ఇచ్చాడు. అర నిమిషంలో వ్యవహారం అయిపోయింది. వీధిలో పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. ఒక్కరూ ఇటు తిరగలేదు. తాత మొహంలో సంతోషం లేదు సరికదా, ఇంకా ఏదో రావాల్సి ఉందన్నట్టు ఆమెకేసి చూస్తున్నాడు.

“అంతేనా అమ్మా?” అన్నాడు.

ఇంతలో పక్కషాపులో బుట్ట అల్లుతున్న అక్క, చేతిలో బద్ద అలాగే పట్టుకుని లేచి వచ్చింది. “ఏమ్మా, నువ్వు సగమమ్మగారి కోడలివి కదూ? ఆ రోజు ఇత్తడి బిందెల వెనకాల దాక్కున్నావు. ఏరీ ఆవిడ? కనపడి మూడు వారాలైంది.”

“ఆవిడ ఇక రారండీ. మిమ్మల్ని ఇబ్బంది పెట్టరు. నేనే మాన్పించేశాను” అంది కోడలు, మెచ్చుకుంటారేమోనని ఒక మూల ఆశతో.

బుట్టల అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. “ఎంత పని చేశావే తల్లీ! మా నోరు కొట్టావు కదే!”

“నేనా?”

“నువ్వు కాక? ఈ ముసలాయన్ని చూడు. ధర చెప్పమంటే నేలకి చెప్తాడు. ఈయన చేతిలో ఇంత పనుందని ఈయన నోట్లోంచి రావాలంటే ఎవరో ఒకరు గొడవ పెట్టుకోవాల్సిందే. ఆవిడ వచ్చి వంక పెడితే ఈయనకి రోషం వచ్చి విప్పుతాడు నోరు. జనం ఆగుతారు, వింటారు. ఓహో ఇంత పనుందా అని కొంటారు. ఆ రోజు మీరిద్దరూ వెళ్ళాక ఎన్ని పోయాయో తెలుసా? పదకొండు సెట్లు! మీ పోస్టాఫీసు పెద్దాయన కూడా ఒకటి పట్టుకెళ్ళాడు.”

కోడలు పక్కనున్న పీట మీద కూలబడింది.

“ఆవిడేమో వంతులేసుకుని వచ్చేవారు. ఓ వారం దుప్పట్లకి, ఓ వారం నా బుట్టలకి. నా బుట్టల్లో చిల్లులున్నాయన్నారొకసారి! బుట్టకి చిల్లులుండక గోడ ఉంటుందా అని నేను ఒంటికాలి మీద లేచాను. ఆ పూట ఒక్క బుట్ట మిగల్లేదు. వెళ్ళేటప్పుడు చెవిలో ఏమన్నారో తెలుసా? గొంతు బాగుంది, ఇలాగే అరుస్తూ ఉండమన్నారు.”

“మరి ఎవరూ నాకు చెప్పలేదేం?”

“చెప్తే బేరమెలా అవుతుంది? నాటకమవుతుంది. ఈ ముసలాయనకే తెలీదు మొన్నటిదాకా.” బుట్టల అక్క గొంతు తగ్గించింది. “ఎప్పట్నుంచో షాపు ఎత్తేసి గోడౌను కాపలాకి రమ్మని ఈయన తమ్ముడు పోరుతున్నాడు. ఈ మూడు వారాలూ ఒక్కటీ కదలకపోయేసరికి మనసు విరిగిపోయింది. ఇవాళ ఐదింటికి ఓ టోకు వ్యాపారి వస్తున్నాడు. సరుకంతా, కర్ర తిప్పే ఆ లేత్ మిషన్‌తో సహా, వచ్చినకాడికి ఇచ్చేస్తానని ఈయన మాటిచ్చాడు.”

టైము నాలుగూ నలభై. కోడలు ఫోన్ తీసింది. 

“అత్తయ్యా, మీరు వెంటనే చేతిపనుల వీధికి రావాలండీ. బొమ్మల తాత షాపు అమ్మేస్తున్నాడు.”

 “నేను మాటిచ్చాను కదమ్మా” అన్నారు అత్తగారు.

“ఆ మాట నాకొద్దండీ. వెనక్కిచ్చేస్తున్నాను. నాదే తెలివితక్కువ. ఇరవై నిమిషాల్లో రాగలరా?”

“పది!” అంది ఫోను.

మూడు వారాల తర్వాత ఆ గొంతు విని కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి తీరికెక్కడ? “ఆవిడ వచ్చేలోపు నలుగుర్ని పోగెయ్యి” అంది బుట్టల అక్క. “నువ్వే మొదలెట్టు.”

కోడలు గొంతు సవరించుకుంది. కౌంటరులో “తర్వాత ఎవరండీ” అనే గొంతుతో, “నాలుగొందలా? ఇది చాలా ఎక్కువండీ. దయచేసి రెండొందలకి ఇస్తారా?” అంది.

“సరే, తీసుకోమ్మా” అన్నాడు తాత.

“ఒప్పుకోకూడదండీ!”

“పోనీ నూటికి తీసుకో. ఎలాగూ పోయేదే.”

“అయ్యో, పెంచండి! తగ్గించకండి!” కోడలు ఏడుపుమొహం పెట్టింది. దారినపోతున్న ఒకాయన ఆగి, కొనేవాళ్ళు పెంచమనడం, అమ్మేవాళ్ళు తగ్గించడం చూసి, ఎండదెబ్బేమోనని మంచినీళ్ళ సీసా అందించాడు.

ఐదు కాకుండానే, ఆవిడకన్నా ముందే వ్యాపారి వచ్చేశాడు. వెనక వ్యాను, చేతిలో గోనెసంచుల కట్ట. బల్లమీద సరుకుని పప్పులు కలబెట్టినట్టు కలబెట్టి, “చెప్పిన రేటే కదా తాతా, ఎత్తించెయ్యనా?” అన్నాడు. తాత ఊఁ అనబోయాడు. సరిగ్గా అప్పుడు వీధి మొదట్లో ఆటో ఆగింది. “మలుపు తిరగలేదుగా, సగమే ఇస్తా!” అన్న కేక వినపడింది. దుప్పట్లాయన, ఇత్తడాయన ఒక్కసారిగా షాపుల్లోంచి బయటికొచ్చారు.

సగమమ్మగారు వ్యాపారి వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి ఎర్రడబ్బా తీశారు. “ఎంత?”

“మీరెంతిస్తే అంతమ్మా” అన్నాడు తాత.

ఆవిడకి ఊపిరాగినంత పనైంది. ముప్పై ఏళ్ళ బేరాల్లో ఆ మాట ఎవరూ అనలేదు. అటువైపు లాగే మనిషి లేకపోతే తాడేం లాగుతారు? కోడలికేసి చూశారు, బుట్టల అక్కకేసి చూశారు. డబ్బాని పైకెత్తి అటూ ఇటూ తిప్పారు.

“అంతేలే” అన్నారు పెదవి విరిచి, వీధి చివరికి వినపడేలా. “ఫ్యాక్టరీ సరుకు. ఎక్కడో మిషన్లో వేలకి వేలు గుద్ది పారేసినవి తెచ్చి, నీ చేత్తో చేశావని చెప్పి అమ్ముతున్నావు. దీనికెంతిస్తే మాత్రం ఏం?”

తాత మెడ నిటారుగా అయింది. “ఏమన్నారు?”

“ఫ్యాక్టరీ సరుకన్నాను.”

“ఫ్యాక్టరీనా?” తాత బల్లమీద గుద్దాడు. గోరంత డబ్బాలన్నీ ఎగిరిపడ్డాయి. “నలభై రెండేళ్ళు! ఈ వేళ్ళు చూడండి, ఒక్కదానికైనా గోరు తిన్నగా ఉందా? ఫ్యాక్టరీ అట! ఆగండి! ఎవరూ కదలొద్దు!”

తెర పక్కకి లాగేసి లేత్ మిషన్ ఆన్ చేశాడు. చేతికందిన కర్రముక్క బిగించాడు. ఉలి ఆనించేసరికి పొట్టు రిబ్బన్లు రిబ్బన్లుగా లేచింది. ఎర్రలక్క ఆనించేసరికి కర్ర చూస్తుండగానే ఎరుపెక్కింది. “ఇదిగో, ఇక్కడ ఒత్తిడి ఎక్కువైతే మాడుద్ది, తక్కువైతే మరక పడుద్ది” అంటూ తాత అరుస్తూనే ఉన్నాడు. జీవితంలో దాచుకున్న మాటలన్నీ ఆ పూటే ఖర్చుపెట్టేస్తున్నట్టున్నాడు. మంచినీళ్ళ సీసా ఆయన ముందువరుసలో ఉన్నాడు. వెనకవాళ్ళకి కనిపించట్లేదని దుప్పట్లాయన బల్లలు తెచ్చి వేశాడు. ఆ కర్రముక్కలోంచి వేడి వేడిగా దిగిన బొంగరాన్ని తాత బల్లమీద తిప్పి వదిలితే, అది నిద్రపోయినట్టు నిలబడి తిరిగింది. అంత గుంపూ నోరు మూసుకుని దాన్నే చూసింది.

“ఇప్పుడు చెప్పండి. ఫ్యాక్టరీనా?”

“కాదులే” అన్నారు సగమమ్మగారు మహా అయిష్టంగా.

“నాకో సెట్టివ్వండి” అంది గుంపులోంచి ఎవరో ఒకావిడ. “నాకు రెండు” అని ఇంకొకరు. కోడలు బల్ల వెనక్కి వెళ్ళి నిలబడింది. “లైనులో రండి, లైనులో రండి! తర్వాత ఎవరండీ?” అంది. ఆ పని ఆమెకి బాగా వచ్చు. పొట్లాలు చకచకా కట్టేస్తోంది. వ్యాపారి గోనెసంచులు పట్టుకుని, సరుకు తన కళ్ళముందే అరలు దాటిపోతుంటే గుటకలు మింగాడు. చివరికి జనాన్ని తోసుకుని వచ్చాడు.

“తాతా, నా సంగతేంటి?”

“సరుకైపోయింది” అన్నాడు తాత. ఈసారి నేలకి కాదు, అతని మొహానికే చెప్పాడు. “మిషన్ అమ్మను. కావాలంటే వచ్చే నెలకి ఆర్డరు చెప్పుకో. సెట్టు నాలుగొందలు.”

“సగ...” అని మొదలెట్టి వ్యాపారి ఆగిపోయాడు. సగమమ్మగారు అతనికేసే చూస్తున్నారు.

“ఏం బాబూ, ఏదో అనబోయావు?”

“ఏం లేదమ్మా. పాతిక సెట్లు రాసుకోమంటున్నాను.”

ఇంటికి నడిచి వస్తుంటే కోడలు అత్తగారి చేతిసంచి తను అందుకుంటూ, “ఆ రోజు నేనన్ని మాటలన్నానే, ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదండీ” అంది.

“ఏం చెప్పాలి?”

“మీరు వాళ్ళ కోసమే ఇదంతా చేస్తారని.”

“ఎవరన్నారు? ఆ బుట్టలదా? అది చెప్పినదాంట్లో సగమే నమ్ము.” సగమమ్మగారు రెండడుగులు ముందుకేసి, కాస్త సర్దుకున్నారు. “నాకు బేరమాడటం ఇష్టం. వాళ్ళకి అమ్ముకోవడం ఇష్టం. ఇందులో చెప్పుకునేదేముంది? పైగా నువ్వన్నదాంట్లోనూ నిజముంది. ఆ ముసలాయన్ని నేను ఒక్కోసారి మరీ గట్టిగా అనేదాన్ని. ఇవాళ కూడా ఫ్యాక్టరీ అనకుండా ఉండాల్సింది. లోపలికెళ్ళి చెప్పొచ్చాలే.”

“ఏమన్నాడండీ?”

“వచ్చే వారం కూడా రమ్మన్నాడు.”

ఆ పై ఆదివారం వంతు దుప్పట్లాయనది. వీధి మలుపు దగ్గర సగమమ్మగారు ఆగి గొంతు పట్టుకున్నారు. “ఇవాళ నాకు గొంతు బాగాలేదు. నువ్వు కానివ్వు.”

“నేనా! ఆ రోజు చూశారుగా అత్తయ్యా.”

“నేను చూళ్ళేదు. విన్నాను. ‘దయచేసి’ ఒకటి తీసేస్తే సరిపోతుంది” అని ఆవిడ దుప్పట్లాయన షాపుముందు పీటమీద, ఎవరో దారినపోయే మనిషిలా కూర్చున్నారు.

కోడలు ఒక నీలం దుప్పటి తీసింది. మొదట గొంతు పీలగానే వచ్చింది. “ఈ అంచు వంకరగా ఉంది” అంది. దుప్పట్లాయన అది వంకర కాదనీ, నీటి అల నేశాననీ అన్నాడు. “నాకు వంకరగానే కనిపిస్తోంది” అంది. ఆయన మగ్గం దగ్గరికి పరిగెత్తి ఆ అలకి ఎన్ని దారాలు ఎలా ఎత్తాలో చూపించాడు. “అంత పనుంటే ఇంత మెత్తగా ఎలా ఉంది? రెండు ఉతుకులకి దారం తేలిపోదూ?” అంది, ఈసారి ఆమెకే తెలియకుండా గొంతు లేచింది. సైకిలు మీద పోయే ఇద్దరు ఆగారు. దుప్పట్లాయన, దారాన్ని ఎన్నిసార్లు గంజిపెట్టి ఎన్నిసార్లు ఉతికితే ఆ మెత్తదనం వస్తుందో మొత్తం విప్పాడు. తన తల్లి కళ్ళు మూసుకుని చేత్తో తడిమి దారం మంచిచెడ్డలు చెప్పేదనీ, ఈ నీలం కలపడం ఆవిడ నేర్పిందేననీ చెప్పాడు. కోడలు ఆపలేదు. “నీలమా ఇది? నాకైతే బూడిదలా ఉంది!” అని దుప్పటిని ఎండలోకి ఎత్తిపట్టింది. ఎండ పడేసరికి అందులో నీలాలు మూడు రకాలుగా మెరిశాయి. గుంపు “అబ్బ!” అంది.

పీటమీదున్న మనిషి లేచి, జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చి, పర్సు విప్పారు.

“అది నాక్కావాలయ్యా. ఎంత?”

“తొమ్మిదొందలమ్మా” అన్నాడు దుప్పట్లాయన, అలవాటుగా ఒకడుగు వెనక్కి వేసి.

సగమమ్మగారు తొమ్మిదొందలూ ఆయన చేతిలో పెట్టేశారు.

 బుట్టల అక్క చేతిలో బద్ద జారిపోయింది. కోడలు దుప్పటి ఒక కొస పట్టుకుని అలాగే ఉండిపోయి, చెవి దగ్గరికి వంగి, “అత్తయ్యా! మీరు కొనకూడదండీ! మనం ఒకే జట్టు కదా!” అని గుసగుసలాడింది.

“నన్నేం చెయ్యమంటావే?” అన్నారు సగమమ్మగారు దుప్పటిని చెంపకి ఆనించుకుని. “ముప్పై ఏళ్ళుగా ఈ షాపుకి వస్తున్నాను. వంకలు వెతకడంతోనే సరిపోయింది. ఇది ఇంత బాగుంటుందని ఇవాళ నువ్వు తిడుతుంటేనే తెలిసింది.”